నట్ మీది తెల్లగీత

సోమవారం ఉదయం పదకొండూ నలభై. దిగుడు రోడ్డులో చిన్న లారీ వెనక చక్రాలు ఉన్నట్టుండి బిగుసుకుపోయాయి. బండి పల్టీ కొట్టింది. డ్రైవర్ అక్కడికక్కడే పోయాడు.

సాయంత్రం నాలుగింటికి ఆ లారీ వెనక చక్రాలను తిప్పే గేర్ల పెట్టె, డిఫరెన్షియల్, మెకానిక్ షెడ్డులో బల్ల మీదుంది. దాని పినియన్ షాఫ్టు బేరింగులు మాడి నల్లబడ్డాయి.

"ఇప్పుడు మీ కళ్లు చల్లబడ్డాయా బావగారూ?" డ్రైవర్ భార్య షెడ్డు మేస్త్రి ముఖం మీదికి వెళ్లింది.

మేస్త్రి తలెత్తలేదు. పోయింది సొంత తమ్ముడు. మూడేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. అయినా శనివారం బండి వస్తే డిఫరెన్షియల్ తనే విప్పి కట్టాడు.

"పినియన్ నట్ ఎక్కువ బిగించావా?" ప్రమాదం కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"లేదనుకుంటా."

"అనుకోవడమేంటి?"

"వాడు చస్తే పీడా పోతుందని చాలాసార్లు అనుకున్నా సార్. నా చెయ్యి ఆ మాట విందేమో."

ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్లు మండింది. అడగకుండానే తప్పు నెత్తికెత్తుకునేవాణ్ణి నమ్మడం తేలిక. ఆ తేలికే అతనికి నచ్చలేదు.

"ముసలి చెయ్యి సార్, వణుకుతుంది," అన్నాడు అక్కడే పనిచేసే మేస్త్రి అల్లుడు. "చెబితే వింటేగా!"

"నువ్వు ముట్టుకున్నావా?"

"అస్సలు లేదు."

ఇన్‌స్పెక్టర్ మేస్త్రివైపు తిరిగాడు. "ఎలా బిగిస్తావో చెప్పు."

"బేరింగుల మధ్య మెత్తటి స్లీవ్ ఉంటుంది. నట్ బిగిస్తే నలుగుతుంది. ఎక్కువ నలిగితే మళ్లీ సాగదు, బేరింగులు పట్టేసి మాడిపోతాయి, చక్రాలు ఆగిపోతాయి. అందుకే కొంచెం కొంచెం బిగిస్తూ, షాఫ్టు చివరుండే ఫ్లాంజి బిళ్లకి తాడు చుట్టి స్ప్రింగ్ కాటాతో లాగి చూస్తా. రీడింగ్ కుదిరాక షాఫ్టు, నట్, ఫ్లాంజి మూడింటి మీదా ఒకే తెల్లగీత."

ఇన్‌స్పెక్టర్ టార్చి వేసి వంగాడు.

షాఫ్టు మీద గీత. దానికెదురుగా ఫ్లాంజి మీద గీత. నట్ మీది గీత మాత్రం వేలి మందం ముందుకు పోయింది.

"గీత వేశాక ఇంకా బిగించారు. చంపాలని మేస్త్రే బిగిస్తే, తన గీత తుడిచేసేవాడు. కట్టిన నట్ జోలికి మళ్లీ ఎందుకు పోతారు?"

"ఆయిల్ సీల్ మార్చడానికి," అన్నాడు మేస్త్రి. మెల్లగా అల్లుడివైపు తల తిప్పాడు.

అల్లుడు ఒకడుగు వెనక్కి వేశాడు. "ఆదివారం ఆయిల్ కారుతోందని చినమామయ్య వచ్చి ఒకటే అరుపులు... సీల్ మార్చి, గాలి గన్‌తో బిగించేశా. రెండు నిమిషాల పని."

మేస్త్రి అతని ముందుకొచ్చి నిలబడ్డాడు.

"రీడింగ్ ఎంతొచ్చింది?"

"చూడలేదు మామయ్యా."

చెంప ఛెళ్లుమంది.

ఇన్‌స్పెక్టర్ ఆపగలిగేవాడే. ఆపలేదు. ఆ చేతినే చూస్తున్నాడు.

అది వణకలేదు.