టేపులో మిగిలిన ఖాళీ

2006లో కోయిలకుంట్ల మొత్తానికీ జపాన్ భాష నేర్చుకునే పిల్ల ఒక్కతే ఉండేది. ప్రేమజ్యోతి. చర్చి వెనక వీధిలో మేస్త్రీ దావీదురాజు కూతురు. వీధిలో వాళ్లు "ఏం జపాన్ జ్యోతీ" అని ఎగతాళి చేస్తే నవ్వేసి పోయేది. మూడో లెవెల్ పరీక్ష పాసైతే ఉద్యోగం ఇస్తామని బెంగళూరు కంపెనీ ఒకటి మాటిచ్చింది మరి. వారానికి రెండు రోజులు బస్సెక్కి కర్నూలు పోయి ప్రదీప్‌కుమార్ సారు దగ్గర నేర్చుకునేది. చదవడం, రాయడం పట్టుబడ్డాయి. వినడం దగ్గరే ప్రాణం పోయేది.

ఆ వినే పరీక్ష సంగతి చెప్తా వినండి. హాల్లో టేపు పెడతారు. ఆడామగా ఏదో మాట్లాడుకుంటారు. ప్రశ్న అడుగుతారు. పెన్సిల్‌తో జవాబు గడి దిద్దుకోవడానికి కొన్ని సెకన్లు ఖాళీ వదిలి తర్వాతి ప్రశ్నకు పోతారు. రెండోసారి వినిపించడం ఉండదు.

ఆ ఇంట్లో ఇంకో అలవాటు ఉండేది. దీపాలు పెట్టే వేళకు జేజి రాహేలమ్మ, అంటే దావీదురాజు తల్లి, ప్రార్థన చేసి ఇంట్లో ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచేది. పిలిచిన వాళ్లు "ఉండా" అని, అంటే ఇక్కడే ఉన్నానని, పలకాల. అందరూ పలికితేనే ఆమేన్. ఆమేన్ పడితేనే సంగటి. తల్లి లేని ప్రేమజ్యోతిని సాకింది ఆ ముసలామే.

ఆ ఏడు ఎండాకాలంలో జేజి మంచం పట్టింది. ఒక సాయంత్రం ఆమె ప్రార్థన చేస్తుంటే కొడుకు టేపులో పట్టుకున్నాడు. మనవరాలు ఆ పొద్దు కర్నూలు క్లాసులో ఉంది. జేజి మూడుసార్లు పిలిచింది. "క్లాసుకు పోయింది మా, వస్తాది" అన్నాడు కొడుకు. బస్సు దిగి పిల్ల ఇల్లు చేరేసరికి జేజి లేదు. ఆమేన్ అనకుండానే పోయింది.

ఆ క్యాసెట్‌కు వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ పలుకుల్నీ దావీదురాజు విరిచేశాడు. అవి విరిస్తే ఆ టేపు మీద ఇంకేదీ ఎక్కదు, ఉన్నది చెరగదు. బైబిలు పక్కన పెట్టుకున్నాడు గానీ ఏడుపొస్తుందని ఎన్నడూ వినలేదు.

నవంబరులో సారు పాత పరీక్ష టేపు ఒకటిచ్చి సోమవారం తెచ్చియ్యమన్నాడు. ఆదివారం, అంగళ్లన్నీ మూసున్నాయి. కాపీ ఎక్కించుకుందామంటే ఇంట్లో ఖాళీ క్యాసెట్ లేదు. తండ్రి చర్చికి పోయాడు. విరిచిన బొక్కల్లో కాయితం కుక్కితే మళ్లీ రికార్డు అవుతుందని పాటలు ఎక్కించుకునే వాళ్లందరికీ తెలుసు.

"నువ్వే గదా జేజీ చదువుకోమన్నావు. ఏమనుకోవాకు" అని ప్రేమజ్యోతి కాయితం ఉండలు చేసి కుక్కింది. జేజి గొంతు మీద జపాన్ పరీక్ష ఎక్కించేసింది. చేయదగ్గ పనేనా అది? కాదు. ఆ పిల్లకూ తెలుసు.

సోమవారం సారు టేపు సారుకిచ్చొచ్చి, మంగళవారం మధ్యాహ్నం తలుపు, కిటికీ మూసి టేపు పెట్టుకుంది. బయట నాపరాళ్ల మీద ఎండ ధగధగలాడుతోంది. లోపల చీకటి. టేపు గరగరమని తిరుగుతోంది. మొదటి ప్రశ్న అయింది. ఖాళీ వచ్చింది.

ఎక్కడినుంచో నీలగిరి తైలం వాసన... జేజి మోకాళ్లకు రాసుకునే తైలం.

"ప్రేమజ్యోతీ..."

పెన్సిల్ కింద పడింది.

తర్వాతి ప్రశ్న. ఖాళీ. "ప్రేమజ్యోతీ..."

"ఉండా జేజీ" అంది టేపు మీదికి వంగి. టేపుకు చెవులుంటాయా? మళ్లీ ఖాళీ. మళ్లీ అదే పిలుపు. కోపం లేదు ఆ గొంతులో. సంగటి చల్లారిపోతాందే, ఇంకా రాలేదేందీ అని వాకిట్లో నిలబడి పిలిచినట్టే ఉంది. అందుకే ఇంకా భయమేసింది.

సాయంత్రం తండ్రికి వినిపించింది.

"యాడుందమ్మా? జపాన్ మాటలు తప్ప నాకేం వినపడల్యా" అన్నాడు. "శానా చదువుతాండావు పాపా. రోంత నిద్రపో." తన తల్లి గొంతు చెరిపింది ఆ టేపు మీదేనని ఆయనకు తెలీదు. ప్రేమజ్యోతి చెప్పకుండా క్యాసెట్ తీసి మళ్లీ బైబిలు పక్కనే పెట్టింది.

పది రోజులు అదే వరస. ప్రశ్న చెవికెక్కేది కాదు. పిలుపు ఎప్పుడొస్తుందా అని ఒళ్లంతా చెవులు చేసుకుని కూర్చునేది. ఒక్క జవాబూ దిద్దలేకపోయేది. పరీక్ష పోతే ఉద్యోగం పోతుంది. మూడేళ్ల కష్టం గంగలో కలుస్తుంది. ఏం చేయాల? ఎవరితో చెప్పుకోవాల?

పదకొండో రోజు ఆ పిల్లకు ఒక ఉపాయం తట్టింది. తట్టకుంటేనే బాగుండేది. నోటితో పలికితే జేజికి వినపడలేదు. టేపులోనే పలికితే?

చివరి ప్రశ్న తర్వాతి ఖాళీ దాకా నడిపించి, "ప్రేమజ్యోతీ..." అనగానే రికార్డు చేసే ఎర్ర మీట నొక్కింది. "ఉండా జేజీ" అంది. ఆపింది.

వెనక్కి తిప్పి మళ్లీ పెట్టింది. పిలుపు లేదు. ఏ ఖాళీలోనూ లేదు. ఆఖరున తను పలికిన మాట కూడా లేదు. ఒట్టి ఖాళీ. పీడ వదిలిందనుకుని కరువుతీరా ఏడ్చింది. ఆ రోజునుంచి ప్రతి ప్రశ్నా చక్కగా అర్థమైంది.

పరీక్ష డిసెంబరు మొదటి ఆదివారం, చెన్నైలో. "ప్రభువు దినాన పరీక్షేందమ్మా" అని గొణిగినా, ముందురోజు తండ్రే బస్టాండు దాకా వచ్చి ఎక్కించాడు. క్యాసెట్ ఆయన కంట పడకుండా ప్రేమజ్యోతి తన సంచిలో వేసుకుంది.

హాల్లో యాభై మంది. "టేపు నడిచేటప్పుడు ఎవరు నోరు తెరిచినా బయటికి పంపేస్తాం" అని ముందే చెప్పారు. టేపు మొదలైంది. తనది కాదు, పరీక్ష వాళ్ల టేపు. అన్నీ అర్థమవుతున్నాయి. చకచకా దిద్దుతోంది. చివరి ప్రశ్న అయింది. ఖాళీ వచ్చింది.

నీలగిరి తైలం వాసన...

"ప్రేమజ్యోతీ..."

పెద్ద స్పీకర్లోంచి. హాలంతా. ఎవరూ తలెత్తలేదు. ప్రేమజ్యోతి రెండు చేతులతో నోరు మూసుకుంది. పలకకూడదు... పలకనే కూడదు...

"ఉండా జేజీ."

తన గొంతే. స్పీకర్లోంచి.

"ఆమేన్" అంది జేజి, తృప్తిగా.

టేపు ఆగింది. పేపర్లు తీసుకునే ఆవిడ ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చింది. ప్రేమజ్యోతి బల్ల మీది కాయితం కూడా తీసుకుంది. మొహం వైపు మాత్రం చూడలేదు. "మేడమ్..." అంది ప్రేమజ్యోతి. ఆవిడ వెనక్కి తిరగలేదు.

తిరుగు బస్సులో కండక్టరు వరసగా టికెట్లు కొడుతూ వచ్చి, ఆ పిల్ల సీటు దాటి వెళ్లిపోయాడు. "అన్నా, ఈడ ఒకటి!" అని అరిచింది. చెయ్యి చాచింది. పక్క సీటామె ఖాళీ చోటు దొరికిందని తన సంచి తెచ్చి ప్రేమజ్యోతి ఒళ్లో పెట్టేసింది. బరువు తెలియలేదు. అప్పుడు... అప్పుడు ప్రేమజ్యోతి అరవడం మానేసింది.

కోయిలకుంట్లలో దిగేసరికి మరుసటి రోజు దీపాలు పెట్టే వేళయింది. పరుగెత్తింది. తలుపు తెరిచే ఉంది. తండ్రి బైబిలు ముందు కూర్చుని ప్రార్థన ముగిస్తున్నాడు. రెండు కంచాల్లో సంగటి పెట్టుంది.

"నాయనా! వచ్చినా! నాయనా, నన్ను చూడు!"

ఆయన తలెత్తలేదు. జేజి పోయినాక పేర్లు ఆయనే పిలుస్తున్నాడు.

"ప్రేమజ్యోతీ..."

"ఉండా! ఈడ్నే ఉండా నాయనా!" ద్వారబంధం పట్టుకుని గొంతు పగిలేలా అరిచింది.

దావీదురాజుకు ఏమీ వినపడలేదు. మళ్లీ పిలిచాడు.

"ఉండా" అని లోపలి గదిలోంచి పలికింది ప్రేమజ్యోతి గొంతే.

"ఎప్పుడొస్తివి పాపా? నేను చూడనే ల్యా" అని ఆయన మురిసిపోయాడు. "ఆమేన్" అన్నాడు. లేచి వచ్చి, గడపలో నిలబడి ఏడుస్తున్న కూతురి మీదుగా చెయ్యి చాచి తలుపు మూసి గడియ పెట్టుకున్నాడు. "రామ్మా, సంగటి చల్లారిపోతాది."

"వస్తాండా" అంది లోపలి గొంతు.

ప్రేమజ్యోతి చీకట్లో మెట్టు మీద కూలబడింది. సంచిలో చెయ్యి పెట్టి తడిమింది. క్యాసెట్ ఉంది, సంచిలోనే ఉంది. బయటికి తీసి, వెనక అంచు వేలితో తడిమి చూసింది.

తను కుక్కిన కాయితం లేదు. రెండు బొక్కలూ ఖాళీగా ఉన్నాయి. ఇంక ఆ టేపు మీద ఏదీ ఎక్కదు, ఉన్నది చెరగదు.