ఊరుకున్న తోటికోడలు

“వారంల మూడోసారి సొరకాయనా అమ్మా? బాక్స్ తెరిస్తే ఆఫీసోళ్లు నవ్వుతుండ్రు,” అన్నాడు శ్యాంసుందర్.

“నవ్వేటోళ్లనే వండి పంపుమను,” అంది సత్తెమ్మ. “పూజా, నువ్వన్న చెప్పవే నీ మొగనికి.”

పూజ చేతిలోంచి చంటిదాని నోటి దాకా వెళ్లిన స్పూను అక్కడే ఆగిపోయింది. రాత్రి తను చెప్పిన సంగతిని ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. పంజాగుట్ట ఆఫీసులో టీములన్నీ కలిపి ఏటా కొందరికి అట్టడుగు రేటింగు ఇచ్చి తీరాలి. ఈసారి అది పూజకు వచ్చింది. ప్రసూతి సెలవుకు ముందు చేసిన పనంతా ఎవరి ఖాతాలోకో పోయింది. ఇకపై మెరుగుపడతానని రాసిన కాగితం మీద ఇవాళ సంతకం చేయాలట. అలా చేసినవాళ్లెవరూ అక్కడ మిగల్లేదు. ఏడుపు రావాలి, రాలేదు. పన్ను పీకే ముందు సూదిమందు వేసిన చిగురులా మనసు మొద్దుబారింది.

“నడువు పూజా, అమీర్‌పేట సిగ్నల్ కాడ ఇరుక్కుంటం,” అంటూ తోటికోడలు సుష్మిత స్కూటీ తాళం తీసింది. ఆమె అదే కంపెనీలో ఇంకో టీముకు లీడు.

“అక్కా, రేటింగుల మీటింగుల నువ్వు సుత ఉన్నవంట.”

సుష్మిత ఆగిపోయింది. “ఉన్న.”

“నా పేరొచ్చినప్పుడు ఏమన్నవ్?”

“ఏమనలే. మనం ఒక్కింటోళ్లమని అందరికెరుకే. నోరు తెరిస్తే తోటికోడలి కోసం కొట్లాడుతుందంటరు. మీ మేనేజర్ తారక్ మాట్లాడతడనుకున్న.”

“తారక్ ఏమన్నడో తెల్సా? ‘మీ అక్కనే ఊకుంది, నేనెట్ల కొట్లాడాలె’ అన్నడు.”

“వదినా!” శ్యాంసుందర్ లేచాడు. సత్తెమ్మ పొయ్యి ఆర్పింది. “ఒక్క కుండల తినుకుంట గట్లెట్ల ఊకున్నవే సుష్మితా?”

సుష్మిత కుర్చీలో కూలబడింది. “అబద్ధం జెప్ప అత్తమ్మా. అడుగున పూజ పడితే నా టీముల దివ్యశ్రీ బతుకుతదని సుత అనిపించింది.” మొహం కొంగులో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. “తప్పయింది పూజా. ఇప్పుడన్న ఏం జెయ్యాల్నో చెప్పు, చేస్త.”

పూజ చంటిదాని మూతి తుడిచి, మెల్లగా అంది. “అందరు వినుండ్రి. నేను సంతకం పెట్ట. వాళ్లు తీసేస్తే తీసేయనీ, నాయంత నేను మాత్రం పోను. చేసిన పనంత రాసి పైకి పంపుత. నా కోసం మీటింగుల ఎవ్వరు మాట్లాడలేదని సుత అండ్ల రాస్త...” మొదటిసారి ఆమె గొంతు వణికింది. “దాని కింద అక్క సంతకం పెడతది.”