మూడుసార్లు తప్పిన కొలత

"లోపల ఎవరైనా కళ్ళు తిరిగి తలుపుకి అడ్డంగా పడిపోతే, తలుపెలా తీస్తారమ్మా?"

పాత బాత్రూమ్‌లో ఇంకా ఒక్క పలక కూడా పగలగొట్టలేదు. అయినా తల్లి అడగాల్సింది ముందే అడిగేసింది. అంతకుముందు వచ్చిన మేస్త్రీని ఇదే మాట అడిగితే, అలాంటివి అనుకోకూడదమ్మా అని నవ్వేసి వెళ్ళిపోయాడు. ప్లాను గీయడానికొచ్చిన ఈ అమ్మాయి మాత్రం నవ్వలేదు. సంచీలోంచి కొత్త నోట్‌బుక్ తీసి మొదటి పేజీలో, తలుపు బయటికి తెరుచుకోవాలి, అని రాసుకుంది.

"ఇంకా ఏమున్నాయో అన్నీ చెప్పెయ్యండి ఆంటీ. ఒక్కటి మిగిలినా తర్వాత మళ్ళీ పగలగొట్టుకోవాలి."

తన భయాలను ఒకరు కూర్చుని రాసుకోవడం తల్లి ఎరగదు. ఇంక ఆగలేదు. గీజరు నెత్తి మీద పడితే? సబ్బు నీళ్ళలో అత్తగారి చేతికర్ర జారితే? తడిచెయ్యి స్విచ్చికి తగిలితే? అమ్మాయి ఒక్కొక్కదానికీ చోటు చూపించింది. నీళ్ళు పోసుకునేది గది చివర, కిటికీ కింద. తలుపు దగ్గర నేల ఎప్పుడూ పొడిగానే ఉంటుంది. గీజరు పక్క గోడకి, స్విచ్చి గది బయట. కమోడు పక్కన పట్టుకుని లేవడానికి కడ్డీ.

ఆ పిల్ల పనితీరే వింత. కాగితం మీద గీసి ఊరుకోదు. హాల్లో నేల మీద అసలు సైజులోనే బాత్రూమ్ మొత్తం చాక్‌తో గీసి, ఇంట్లోవాళ్ళని అందులో నడిచి చూడమంటుంది. సగం గీసేసరికి ఆమె చాక్ అరిగిపోయింది. ముందుగదిలో కుట్టుమిషను ముందు కూర్చున్న కొడుకు లేచి, లోపలి బీరువాలోంచి తన నీలం చాక్ తెచ్చి చేతికిచ్చాడు. కన్నతల్లి అడిగినా ఇవ్వని చాక్ అది.

అత్తగారు చేతికర్రతో గీతల మధ్యకి నడిచి, కమోడు ఉండాల్సిన చోట స్టూలు వేయించుకుని కూర్చుంది. సింహాసనం బాగానే ఉంది గానీ మోకాళ్ళు ఎదురు గోడకి తగిలేలా ఉన్నాయంది. అమ్మాయి కమోడుని జానెడు పక్కకి జరిపింది.

మిగిలిందల్లా వెడల్పు. పక్కనున్న సామాన్ల గదిని కలిపితేనే కొత్త బాత్రూమ్ అవుతుంది. ఆ గది నిండా అట్టపెట్టెలు. అవి తీశాక కొలిచి ఫోనులో చెప్పమని కొడుకుకి అప్పజెప్పి, అతని నంబరు తీసుకుని వెళ్ళింది.

కొడుకు నాలుగడుగుల ఎనిమిది అంగుళాలన్నాడు. ప్లాను వేసుకొచ్చి చూస్తే కుదర్లేదు. రెండోసారి ఐదడుగుల మూడన్నాడు, అదీ కుదర్లేదు. మూడోసారి నాలుగడుగుల పది. ప్రతిసారీ ఆ అమ్మాయి మళ్ళీ రావడం, హాల్లో మళ్ళీ గీయడం, ఇద్దరూ గీతలకి అటొకరు ఇటొకరు మోకాళ్ళ మీద కూర్చుని కమోడు అటా ఇటా అని గంటసేపు వాదించుకోవడం.

"కొలిచేటప్పుడు గోడ పొట్ట లోపలికి పీల్చిందేమోనండీ," అంది మూడోసారి, నవ్వాపుకుంటూ. కొడుకు చెవులు ఎర్రబడ్డాయి.

తల్లికి మాత్రం కొత్త భయం పట్టుకుంది. కాలరు నూలుపోగంత తేడా వచ్చినా విప్పి మళ్ళీ కుట్టే మనిషి, ఎదురుగా ఉన్న గోడని మూడుసార్లు తప్పు కొలవడమేమిటి? కళ్ళు పోతున్నాయా? తలలో నరమేదైనా దెబ్బతిందా? పరీక్షిద్దామని సూదిలో దారం ఎక్కించమంది. చూడకుండానే ఎక్కించేశాడు. అయినా మనసు ఊరుకోలేదు. అత్తగారితో చెప్పుకుంటే, వాడి కళ్ళు ఈమధ్య బాగా పనిచేస్తున్నాయిలే అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలావిడకి నవ్వెందుకొచ్చిందో తల్లికి అంతు చిక్కలేదు.

ఇక ఉండబట్టలేక, కొడుకు గుండీలు కొనడానికి బజారుకెళ్ళినప్పుడు అతని టేపు తీసుకుని తనే కొలిచింది. ఐదడుగుల ఒక అంగుళం. నాలుగుసార్లు కొలిచినా అంతే.

మర్నాడు అమ్మాయి ఐదోసారి వచ్చింది. ఆ మరుసటి రోజు నుంచే ప్లంబరు పని మొదలు. ఈసారి గోడ తనే కొలుచుకుంటానని, ఇవాళ్టితో తన పని అయిపోతుందని చెబుతూ అమ్మాయి నీలం చాక్ తిరిగిచ్చేసింది. కొడుకు దాన్ని అందుకుని, గుప్పిట్లో బిగించి అలాగే నిలబడ్డాడు. ముఖంలో రక్తం లేదు. ఆ ముఖం చూసి తల్లి బెంబేలెత్తిపోయింది.

"నాన్నా, నిజం చెప్పు. కళ్ళు మసకలేస్తున్నాయా? గోడ ఐదడుగుల ఒక అంగుళంరా, నేను కొలిచాను. రేపే పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్దాం."

కొడుకు చాక్ వంకే చూస్తూ గొణిగాడు.

"కళ్ళు బాగానే ఉన్నాయమ్మా. నేనూ అంతే కొలిచాను, మొదట్లోనే. కొలత సరిపోతే ఈవిడ మళ్ళీ రారు కదా అని..." మిగతాది మింగేశాడు.

అత్తగారు స్టూలు మీంచి ముందుకి వంగింది. తల్లి అమ్మాయి ముఖంలోకి చూసింది. ఈ పిల్లకి కోపమొస్తే? ప్లాను చింపేసి పోతే? బాత్రూమ్ సగంలో ఆగిపోతే? అన్నిటికంటే, ఏమీ అనకుండా సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోతే వీడేమైపోతాడు?

అమ్మాయి గీతల మధ్యలోనే నిలబడి ఉంది. ఆమె వంగి సంచీలోంచి నోట్‌బుక్ తీసింది. మొదటి పేజీ తెరిచి తల్లి చేతిలో పెట్టింది. తలుపు బయటికి తెరుచుకోవాలి అన్న మాటతో మొదలైన జాబితా చివర, అదే సిరాతో ఒక కొలత ఉంది. ఐదడుగుల ఒక అంగుళం.

"మొదటి రోజు మీరు చాక్ కోసం లోపలికి వెళ్ళినప్పుడు, అట్టపెట్టెల మీదుగా నేనే కొలిచేశానండీ," అంది కొడుకు వైపు తిరిగి. "మీ నంబరు అడగడానికి ఇంకో సాకు దొరకలేదు."