సీసం చాలని బెల్టు

"హాస్పిటల్ షిప్. నిండా రోగులు," అన్నాడు చీఫ్. "ముఠా దాని కింద, సముద్రం అడుగున బాంబు పెట్టింది. బాంబుకి గాలి నింపిన రబ్బరు తిత్తి. పైకి లేవకుండా ఓ బరువుకి కట్టారు. ముడిలో ఉప్పు గడ్డ. ఉప్పు కరిగితే ముడి వీడుతుంది, బాంబు తేలి అయస్కాంతంతో ఓడకి అతుక్కుంటుంది. అతుక్కుంటే పేలుతుంది."

"ఓడని కదిలిస్తే?"

"ఇంజన్ విప్పేసి ఉంది. నువ్వే దిగాలి, డేగా."

రేవులో పెయింటర్ వేషంలో ఉన్న డేగ దగ్గరికి నల్లకళ్ళద్దాల సుందరి వచ్చింది. రెండు పక్షాల దగ్గరా జీతం తీసుకునే ఆమెకి ఆఫీసులో పేరు వగలాడి.

"రంగు ఆరిందా?"

"గోడే తడి."

కోడ్ కలిసింది. "ఉప్పు కరగొచ్చింది. త్వరగా," అందామె.

డేగ డైవింగ్ సూట్‌లో దూకాడు. బెండులా పైకి తేలాడు. మళ్ళీ మునిగాడు, మళ్ళీ తేలాడు. ఒళ్ళు మండి రేడియో నొక్కాడు. పరికరాల స్టోర్‌లో ఉన్నది సొంత బావమరిదే.

"మొన్న ఈతకొలనులో రాయిలా మునిగావుగా బావా?"

"అది మంచినీళ్ళురా! ఉప్పునీళ్ళు బరువు, ఇంకా గట్టిగా పైకి తోస్తాయి. మునగడానికి నడుముకి కట్టుకున్న బెల్టులో సీసం చాల్లేదు."

"ఇంకో బిళ్ళ పంపిస్తా. తాళాలాయన భోజనానికెళ్ళాడు, రానీ."

డేగ పళ్ళు కొరికాడు.

"మా ముఠావాళ్ళయితే ఈపాటికి మునిగేవాళ్ళండీ," అంది వగలాడి గట్టు మీంచి.

ఓడ పక్కకి అంటిన గుల్లలు పట్టుకుని, అరచేతులు కోసుకుపోతున్నా, తలకిందులుగా కిందికి పాకాడు. ఓడ పొట్ట కిందకి చేరాక నీళ్ళు అతన్ని పైకి నొక్కి, కప్పుకి బల్లిలా అతికించేశాయి. కింద బాంబు కనిపిస్తోంది. అందదు. చేతులు వదిలేసినా దాని దాకా దిగలేడు. ఉక్రోషంతో కళ్ళు చెమర్చాయి.

ముడి వీడింది. బాంబు లేచింది.

అప్పుడు డేగ బుర్రలో వెలిగింది. తనని దిగనివ్వని నీళ్ళే దాన్ని తన దగ్గరికి తోసుకొస్తున్నాయి. కత్తి తీశాడు. తిత్తి చేతికందగానే ఈ చివర నుంచి ఆ చివరకి చీల్చాడు. గాలి బుడగలు భళ్ళున లేచాయి. ఓడకి బెత్తెడు దూరంలో బాంబు ఆగి, ఊగి, మెల్లగా బురదలోకి దిగిపోయింది.

డేగ పక్కకి పాకి పైకి తేలాడు. వగలాడి చెయ్యందించింది.

"బాంబు?"

"మునిగింది."

"మరి మీరు?"

"నా వల్ల కాలేదు."