గిన్నెల టబ్బులో చేతులు

ఎల్‌స్పెత్ ఆ పొద్దున వీధి తలుపు ఇత్తడి పిడిని తోమిందే తోముతోంది. కెనడా నుంచి చుట్టం వస్తున్నాడు మరి. బ్లెయిర్ ఊళ్ళో ఆ వీధి మొత్తానికీ ఆవిడ ఇల్లంత శుభ్రమైన ఇల్లు ఇంకోటి లేదు. పోయిన భర్త బ్యాంకు మేనేజరు. చర్చిలో పూలు సర్దే ఆడవాళ్ళందరికీ ఆవిడే పెద్ద. ఆ పెద్దరికం వెనక ఏం దాచిపెట్టిందో ఇంట్లో తెలిసింది ఒక్కరికే, తండ్రి ఆలెక్ మెక్‌ఫీకి.

"నాన్నా, అతను మన ఇంటిపేరు గురించి అడుగుతాడు. కాలన్సే దీవి నుంచి వచ్చాం, అంతే. ఆ తర్వాతదేదీ గుర్తు లేదను," అంది ఆయన కాలరు సరిచేస్తూ.

"ఎనభై దాటాయిగా, గుర్తు లేదంటే నమ్ముతార్లే," అన్నాడు ఆలెక్. నవ్వబోయి ఊరుకున్నాడు.

ఎల్‌స్పెత్ కూతురు కర్స్టీ టీ కెటిల్ తెచ్చి బల్ల మీద ఠప్పున పెట్టింది. వారం రోజులుగా తల్లితో ముక్తసరి మాటలే. ఆ పిల్ల పెళ్ళాడతానన్న విలీ టౌన్స్‌లీ కరెంటు పని చేసుకునే బుద్ధిమంతుడు, అతని తాతముత్తాతలు మాత్రం గుడారాల్లో బతికినవాళ్ళు. అతన్ని ఎల్‌స్పెత్ గుమ్మంలోనే నిలబెట్టి, "గుడారాల్లో పుట్టి రోడ్లమ్మట తిరిగే జాతికి నా పిల్లనివ్వను" అనేసింది. పాపం, ఆ కుర్రాడు వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

పదింటికల్లా రోడరిక్ మెక్‌ఫీ దిగాడు. ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో పడవలు బాగుచేసే మనిషి, గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. వస్తూనే ఆలెక్‌ని కావలించుకున్నాడు.

"బాబాయ్! మా తాతా మీ నాన్నా ఒక తల్లి బిడ్డలు," అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. పెట్టెలు దించిన చేతులు కడుక్కుందామని వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలు కడిగే టబ్బులో ముంచాడు.

"అయ్యో అయ్యో! తియ్యండి! అందులో చేతులా!" ఎల్‌స్పెత్ ఒక్క ఉదుటున టబ్బు లాక్కుని, నీళ్ళు పారబోసి, దాన్ని తీసుకెళ్ళి పెరట్లో చెత్తడబ్బాలో పడేసింది. తిరిగొచ్చాక గానీ తానేం చేసిందో ఆవిడకి తెలిసిరాలేదు.

రోడరిక్‌కి కోపం రాలేదు సరికదా, పగలబడి నవ్వాడు. "అచ్చం మా నాయనమ్మే! గిన్నెల టబ్బులో ఎవరైనా చేతులు కడిగారంటే ఆ టబ్బు ఇక ఇంట్లో ఉండేది కాదు. ఇదేం చాదస్తమే అంటే, గుడారాల్లో బతికిన మన ఆచారం రా, ఇళ్ళవాళ్ళకేం తెలుసు అనేది. సముద్రం దాటినా పోలేదు చూశావా చెల్లెమ్మా!"

"గుడారాలా?" అంది కర్స్టీ మెల్లగా.

"అదేంటి, నీకు చెప్పలేదా తల్లీ? ఎప్పుడో వందల ఏళ్ళ కిందట కాలన్సేలో మన నాయకుణ్ణి చంపి నేల లాక్కున్నాక మెక్‌ఫీలు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. మనవాళ్ళు తగరం పని నేర్చుకుని, బకెట్లూ చెంబులూ చేసి ఊరూరా అమ్ముకున్నారు. మా తాత ఓడెక్కాడు. మీ ముత్తాత ఇక్కడే, ఈ రాస్ప్‌బెర్రీ తోటల పక్కనే గుడారం వేశాడు."

"ఆ మెక్‌ఫీలు వేరు!" ఎల్‌స్పెత్ గొంతు కీచుమంది. "పేరు కలిస్తే మనుషులు కలుస్తారా? ఆ జాతికీ మాకూ ఏ సంబంధం లేదు. కావాలంటే నాన్నని అడగండి."

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఎంత మాట అనేసింది! అందరూ ముసలాయన వైపు తిరిగారు. ఆయన కూతురి మొహంలోకి చూశాడు. ఆ భయం చూసి తల దించుకున్నాడు.

"అవును బాబూ," అన్నాడు. "వాళ్ళెవరో మాకు తెలీదు. మేమెప్పుడూ ఇళ్ళల్లోనే ఉన్నాం."

కూతురి పరువు కోసం కన్నతల్లిని కాదన్నాడు. మంచులో వీపున తగరం మోసి నలుగురు బిడ్డల్ని సాకిన తల్లిని! ఆ నాయనమ్మ ఒళ్ళోనే, ఆ గుడారంలోనే ఎల్‌స్పెత్ ఆరేళ్ళదాకా నిద్రపోయింది. బళ్ళో పిల్లలు ముక్కు మూసుకుని వెక్కిరించిన నాటి నుంచీ అన్నీ దాచుకుంటూ వచ్చింది. ఇప్పుడు తండ్రి వేళ్ళు చూసింది. తగరం కోసిన పాత గాట్లు. విలీ మీద విసిరిన మాట పక్క గదిలో ఉన్న ఈయనకే ముందు తగిలుంటుంది. ఆ మర్నాడు ఆయన మామూలుగానే గుడ్ మార్నింగ్ చెప్పాడు. సిగ్గుతో ఆవిడ ప్రాణం చచ్చిపోయింది.

"వద్దు నాన్నా, ఇక వద్దు," అంటూ ఆయన కాళ్ళ దగ్గర కూలబడింది. "అదంతా అబద్ధం అన్నయ్యా. నేనే చెప్పించాను. మా నాయనమ్మ పేరు జెస్సీ మెక్‌ఫీ. నేను పుట్టింది గుడారంలోనే."

"మరి విలీని అలా ఎలా అన్నావమ్మా? తాత వింటుండగా!" కర్స్టీ ఏడుస్తోంది.

"తెలీక అనలేదే, తెలిసే అన్నాను. నేనే ముందు ఇంకొకళ్ళని అనేస్తే, ఆ మాట నా దాకా రాదనుకున్నాను."

"నాకు కాదు. వెళ్ళి విలీకీ వాళ్ళమ్మకీ చెప్పు."

ఎల్‌స్పెత్ కళ్ళు తుడుచుకుని కోటు తగిలించుకుంది. తలుపు దాకా వెళ్ళేసరికి తండ్రి పిలిచాడు.

"మనవాళ్ళ ఇళ్ళల్లో మంచినీళ్ళకంటే ముందు అడిగేది ఒకటే, మీరెవరి పిల్లలూ అని. ఏం చెప్తావే?"

"ఆలెక్ మెక్‌ఫీ కూతుర్నని చెప్తాను నాన్నా. జెస్సీ మనవరాల్నని చెప్తాను."

ముసలాయన కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు.

"ఉండు, నేనూ వస్తా," అన్నాడు. "నన్నా మాట ఎవరైనా అడిగి యాభై ఏళ్ళయింది."