పీఎస్ టూ వచ్చిన వానాకాలం

పెట్టె ఒక్కటే వచ్చింది. దాన్ని పట్టుకున్నవాళ్ళు ఇద్దరు.

"వదలండి," అన్నాడు హేమసుందర్.

"మీరే వదలండి. నేను ముందొచ్చాను," అంది ఆ అమ్మాయి. చంకలోంచి గొడుగు జారిపోతున్నా పెట్టె మీది చేతులు మాత్రం తీయలేదు.

వన్‌టౌన్‌లో మదార్ సాహెబ్ ఎలక్ట్రానిక్స్ కొట్టు అది. బయట జూలై వాన దంచి కొడుతోంది. రెండు వేల ఒకటో సంవత్సరం. ప్లేస్టేషన్ టూ, అందరూ పీఎస్ టూ అనే కొత్త వీడియో గేమ్ కోసం బెజవాడ కుర్రకారు వెర్రెక్కిపోయి ఉన్న రోజులు. ఏ కొట్లో అడిగినా లేదనే మాటే. చెన్నై నుంచి ఎవరైనా తెప్పిస్తే పార్సిల్ విప్పకముందే అమ్ముడయిపోయేది. దాన్ని నిజంగా చూసినవాళ్ళకన్నా చూశామని కోతలు కోసేవాళ్ళే ఎక్కువ.

మదార్ సాహెబ్ టోపీ తీసి తల తడుముకున్నాడు. "నేను రెండు చెప్పానమ్మా, అల్లా సాక్షి. వాళ్ళు ఒకటే పంపారు. రెండోది ఎప్పుడొస్తదో వాళ్ళకే తెలీదంట."

"సాహెబ్ గారూ, నా సంగతి మీకు తెలుసు కదా," అన్నాడు హేమసుందర్. "ఇది లేకపోతే నేను పార్లర్ మూసుకోవాల్సిందే."

అబద్ధం కాదు. మాచవరంలో కాలేజీ పిల్లలు తిరిగే రోడ్డు పక్క సందులో అతనికో చిన్న గేమ్ పార్లర్ ఉంది. మొన్న వేసవి వరకూ బాగానే నడిచింది. వెనక వీధిలో ఎవరో ఏసీ పెట్టి కొత్త పార్లర్ తెరిచారు. వాళ్ళ దగ్గర పీఎస్ టూ ఉందని తెలిసిన సాయంత్రమే పిల్లలంతా గుంపుగా అటు మళ్ళిపోయారు.

హేమసుందర్ గొంతు కాస్త తగ్గించి ఆ అమ్మాయితో అన్నాడు. "మీ తమ్ముడికాండీ? వాడికైతే పాతది చాలు. నేనే చవగ్గా ఇస్తాను."

"నాకు తమ్ముడు లేడు."

"మరి అన్నయ్యకా?"

"నాకే."

హేమసుందర్ నవ్వేశాడు. నవ్వకుండా ఉండాల్సిందని ఆ వెంటనే అనిపించింది. ఆమె మొహం ఎర్రబడింది.

"ఆడపిల్ల ముట్టుకుంటే మీ మిషన్ షాక్ కొడుతుందా ఏంటండీ?"

మదార్ సాహెబ్ మధ్యలోకి వచ్చాడు. "బేటా, ఆ అమ్మాయి నీకంటే ముందు చెప్పింది. మాట తప్పితే రేపు ఈ బజార్లో నేనెట్టా కూర్చునేది?"

హేమసుందర్ చేతులు వదిలేశాడు. ఆమె పెట్టెకి పాలిథిన్ కవరు చుట్టి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు గుండెలకి హత్తుకుని రిక్షా ఎక్కింది. ఆ పెట్టె తడవకూడదని గొడుగంతా దాని మీదే పట్టింది. తను మాత్రం నిలువునా తడిసిపోయింది.

*

ఆ తర్వాతి రోజులు హేమసుందర్‌కి చాలా పొడుగ్గా గడిచాయి. పార్లర్ వెనక భాగంలో గుడ్డ అడ్డం కట్టుకుని అందులోనే పడుకుంటాడు, అందులోనే వండుకుంటాడు. సొంతూరు బందరు పక్కన గిలకలదిండి. తండ్రి నాగులు ఇంకా సముద్రం మీదికి వెళుతూనే ఉన్నాడు. హేమసుందర్‌కి పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. అందుకే నలుగురూ నవ్వకముందే బెజవాడ వచ్చేశాడు. బందరు ఎంతో దూరం కాదు, అయినా ఊరికి వెళ్ళడం తగ్గిపోయింది. వెళితే ఎలా ఉన్నావని అడుగుతారు. అది చెప్పడం కష్టం.

పిల్లలు రాని మధ్యాహ్నాల్లో టీవీ ముందు కూర్చుని రెండు రిమోట్లూ తనే పట్టుకుని ఆడేవాడు. కుడిచేత్తో ఒకణ్ణి కొట్టేవాడు, ఎడంచేత్తో ఆ దెబ్బ కాచుకునేవాడు. పక్కనే బజ్జీల బండి పెట్టుకునే శౌరమ్మ అది చూసి, "ఒరే అబ్బాయ్, నిన్ను నువ్వే కొట్టుకుంటున్నావేంట్రా?" అనేది. అతను నవ్వేవాడు. ఆ రోజు మొత్తమ్మీద అతను మాట్లాడిన మనిషి ఒక్కోసారి ఆమె ఒక్కతే.

అలాంటి ఒక మధ్యాహ్నం గుమ్మంలో నీడ పడింది. తలెత్తితే ఆ అమ్మాయి! చేతుల్లో అదే పెట్టె.

"మీ మీద కోపం పోయి రాలేదు," అంది వస్తూనే. "మదార్ సాహెబ్ పంపించారు. మా టీవీలో దీనికి రంగులు రావట్లేదు. బొమ్మ కూడా తెగ పరిగెడుతోంది."

"ఫారిన్ సెట్టు కదండీ. మామూలు టీవీకి సరిపడదు. అన్ని దేశాల సెట్లూ ఆడే మల్టీసిస్టం టీవీ కావాలి."

"మీ దగ్గర ఉందట కదా?"

"టీవీ ఉంది. మిషనే లేదు," అన్నాడు హేమసుందర్. ఆ మాట అన్నాక ఎందుకో ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆమె ముందు ఆపుకుంది.

ఆమె పేరు గంగాదేవి. ఏలూరు రోడ్డులో ఒక ఐసు ఫ్యాక్టరీ ఆఫీసులో లెక్కలు చూస్తుంది. నాగాయలంకలో తల్లి పోయాక, కృష్ణలంకలో ఉన్న మేనత్త వెంకటరత్నమ్మ దగ్గర పెరిగింది. చిన్నప్పుడు మేనత్త కొడుకుతో కలిసి టీవీ గేమ్ ఆడేది. ఆ బావ పెళ్ళి చేసుకుని ఢిల్లీ వెళ్ళిపోయాడు. ఆడుకుందామంటే పార్లర్లలో ఆడపిల్ల అడుగు పెట్టే వీల్లేదు. అందుకే చీటీ పాడుకుని మరీ ఏకంగా మిషనే కొనేసింది.

"అయితే ఒక పని చేద్దామండీ," అన్నాడు హేమసుందర్. "మిషన్ ఇక్కడ పెట్టండి. సాయంత్రాలు పిల్లలు ఆడతారు. మధ్యాహ్నం మీ భోజనం వేళ పూర్తిగా మీదే. ఇంకెవర్నీ రానివ్వను. కావాలంటే షట్టర్ సగం దించేస్తాను."

"షట్టర్ దించితే నేను ఈ సందులోకే రాను. పూర్తిగా తెరిచి ఉంచాలి. ఆ శౌరమ్మగారు గుమ్మంలో కూర్చోవాలి."

"కూర్చుంటానమ్మా," అంది శౌరమ్మ బయటినుంచే. "నాక్కూడా కాసేపు ఫ్యాను గాలి తగులుద్ది."

*

మొదటి రోజే హేమసుందర్ చిత్తుగా ఓడిపోయాడు. రెండో రోజూ అంతే.

"మీరు కావాలనే ఓడిపోతున్నారు కదూ?" అంది గంగాదేవి అనుమానంగా.

"కావాలని ఓడితే ఇంత చెమట పడుతుందాండీ?"

కారు రేసులో ఆమె మలుపు తిప్పితే కుర్చీతో సహా అటు వంగిపోయేది. గెలిస్తే పైకి ఏమీ అనదు, పెదవి చివర చిన్నగా కదిలేదంతే. హేమసుందర్ ఆ కదలిక కోసం పక్కకి చూసి, తన కారుని గోడకి గుద్దేసేవాడు. "రోడ్డు చూడండి సార్," అనేది తెర మీంచి కళ్ళు తిప్పకుండానే.

ఆటల మధ్య మాటలు దొర్లేవి. ఫ్యాక్టరీలో అందరూ మగవాళ్ళేనని, పొద్దుట్నించీ సాయంత్రం దాకా "ఆ బిల్లు ఏదమ్మా" అన్న మాట తప్ప ఇంకోటి తన చెవిన పడదని ఆమె చెప్పింది. ఇంటికెళితే అత్తయ్య చేపల మార్కెట్ నుంచి అలిసిపోయి వచ్చి ఎనిమిదికల్లా నిద్రపోతుంది.

"మీకు ఇక్కడ బోలెడుమంది వస్తారుగా. మీకేం," అంది ఓసారి.

"వస్తారండీ. అందరూ టీవీ వైపే చూస్తారు," అన్నాడు.

ఆమె ఆట మధ్యలోనే రిమోట్ ఒళ్ళో పెట్టుకుని, మొదటిసారి అతని వైపు తిరిగి చూసింది. తెర మీద ఆమె కారు బోల్తా కొట్టింది. ఆ ఒక్కరోజే హేమసుందర్ గెలిచాడు.

పీఎస్ టూ ఉందన్న మాట మాచవరమంతా పాకింది. వెనక వీధికి వెళ్ళిన పిల్లలు తిరిగొచ్చారు, కొత్తవాళ్ళని వెంటేసుకొచ్చారు. దసరా సెలవులు మొదలయ్యేసరికి పొద్దున్నే గుమ్మంలో చెప్పుల కుప్ప. ఒకరోజు ఆమె వచ్చేసరికి కుర్చీలు ఖాళీ లేవు. "ఈ ఒక్కరోజుకీ ఏమనుకోకండి," అని బతిమాలాడు. ఆమె సరేనంది. మర్నాడూ అదే మాట చెప్పాడు.

మూడోసారి ఆమె గుమ్మంలో నిలబడే ఉంది. లోపల ఒక కాలేజీ కుర్రాడు వెనక్కి తిరిగి, "అక్కా, వంటింట్లో పనేం లేదా? ఇక్కడికొచ్చావ్?" అన్నాడు. పార్లరంతా గొల్లుమంది.

హేమసుందర్ కూడా నవ్వాడు. గట్టిగా కాదు. గిరాకీ పోతుందేమోనన్న భయంతో పెదవుల మీదికి వచ్చే నవ్వు ఉంటుందే, అలాంటిది. ఆమె చూసింది ఆ నవ్వునే.

"నా బాక్సు ఇవ్వండి."

"గంగాదేవి గారూ, ఒక్క నిమిషం..."

"ఇవ్వండి."

పిల్లలు ఉసూరుమంటుండగా అతను వైర్లు పీకి పెట్టెలో సర్దాడు. ఆమె అది పట్టుకుని సందు మలుపు దాకా నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు.

*

దీపావళి దాటాక పీఎస్ టూలకు కరువు తీరింది. మదార్ సాహెబ్ కబురు చేసి మరీ ఒకటి ఇచ్చాడు. హేమసుందర్ పార్లర్ మళ్ళీ నిండింది. అయినా మధ్యాహ్నం వేళ అందర్నీ బయటికి పంపేసి, తెరిచిన షట్టర్ కింద ఖాళీ కుర్చీ పక్కన కూర్చునేవాడు. ఆడేవాడు కాదు. రోడ్డు మీద ఆడవాళ్ళ చెప్పుల చప్పుడైతే తలెత్తేవాడు. ఐసు ఫ్యాక్టరీ దాకా రెండుసార్లు వెళ్ళి, గేటు చూసి, తిరిగొచ్చాడు. ఏమని పిలుస్తాడు? ఏం మొహం పెట్టుకుని?

"నీకు గిరాకీ వచ్చింది గానీ కళ తప్పావురా," అంది శౌరమ్మ పిండి కలుపుతూ. "అది సరే, ఆ పిల్ల ఇంట్లో టీవీకి రంగులు రావంది కదా. ఆ డబ్బా తీసుకెళ్ళి ఏం చేసుకుంటదిరా?"

ఇన్నాళ్ళూ తన బాధే తప్ప ఆ సంగతి అతనికి తట్టనే లేదు. తన కోసమని ఆమె కొనుక్కున్న ఒకే ఒక్క వస్తువు ఏ అటక మీదో పడి ఉంటుంది.

ఆ సాయంత్రమే మదార్ సాహెబ్‌ని ఇంటి గుర్తులు అడిగి, మల్టీసిస్టం టీవీని దుప్పట్లో చుట్టి రిక్షాలో పెట్టుకుని కృష్ణలంక వెళ్ళాడు. అతని దగ్గరున్న మంచి టీవీ అదొక్కటే.

తలుపు తీసిన వెంకటరత్నమ్మ అతన్నీ దుప్పట్నీ మార్చి మార్చి చూసింది. "ఏంటి బాబూ, టీవీ అమ్మకానికా? మాకొద్దు."

"అమ్మకానికి కాదండీ. గంగాదేవి గారికి ఇచ్చి వెళదామని."

"ఊరికే ఇస్తావా? అయితే పాడైపోయుంటది."

"పాడవలేదండీ. మాచవరం గేమ్ పార్లర్ నాదే."

"ఓహో, నువ్వా!" అంది ఆమె. కాసేపు ఎగాదిగా చూసి, "లోపల పెట్టు. వస్తది," అని కాఫీ కలపడానికి వెళ్ళింది.

గంగాదేవి వచ్చేసరికి అతను నేల మీద కూర్చుని వైర్లు తగిలిస్తున్నాడు. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేంటండీ?"

"మీ టీవీకి రంగులు రావన్నారుగా."

"మరి మీ పార్లరో?"

"ఇవాళ మూసేశాను."

ఆమె అల్మారా మీంచి పెట్టె దింపి అతని పక్కన పెట్టింది. స్విచ్ వేయగానే తెర మీద ఎర్ర కారు, ఆకుపచ్చ కొండలు విరబూసినట్టు వచ్చాయి. ఆమె కళ్ళు వెలిగాయి. అంతలోనే కరెంటు పోయింది.

వీధంతా చీకటి. వంటింట్లోంచి వెంకటరత్నమ్మ అగ్గిపెట్టె కోసం వెతుకుతూ కరెంటు వాళ్ళని తిడుతోంది. ఎదురుగా ఉన్న మనిషి మొహం కనపడకపోవడంతో హేమసుందర్‌కి కాస్త ధైర్యం వచ్చింది.

"ఆ రోజు నేను నవ్వకుండా ఉండాల్సింది," అన్నాడు.

"వాళ్ళు నవ్వితే నాకేం కాలేదు. అలాంటివి రోజూ వింటాను. ఈ ఊళ్ళో నేను నోరు తెరిచి మాట్లాడింది మీ ఒక్కరితోనే. మీరూ వాళ్ళలో కలిసిపోయారు."

"తప్పే. గిరాకీ పోతుందని భయపడ్డాను. గిరాకీ ఉంది, పార్లర్ నిండా జనం ఉన్నారు. మధ్యాహ్నం అయ్యేసరికి మాత్రం మీరొస్తారేమోనని రోడ్డే చూస్తూ కూర్చుంటున్నాను. ఇది ఆట గురించి కాదండీ. ఆట మీరు నాతో ఇంకెప్పుడూ ఆడకపోయినా సరే... మీరంటే నాకు ఇష్టం."

తర్వాత చీకట్లోంచి ఆమె అంది. "ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చి వెళ్ళిపోయారు. చూశాను. లోపలికి రావడానికి ఏమైంది?"

"ఏమని పిలవాలో తెలీక..."

"గంగా అని పిలవాల్సింది."

కొవ్వొత్తి పట్టుకుని వెంకటరత్నమ్మ వచ్చింది. ఇద్దరి మొహాలూ ఆ వెలుగులో ఒకసారి పరీక్షగా చూసింది.

"ఏ ఊరు బాబూ మీది?"

"గిలకలదిండి అండీ. మా నాన్న పేరు నాగులు. పడవ మీద వెళతాడు."

"ఆదివారం మార్కెట్ అయ్యాక ఇంట్లోనే ఉంటాను. మీ నాన్నని తీసుకురా. పెద్దవాళ్ళు మాట్లాడుకోవాల్సినవి ఉంటయ్." కొవ్వొత్తి టీవీ మీద నిలబెడుతూ, "ఇంకేం మోసుకురామాక," అంది.

గంగాదేవి మొహం తిప్పుకుని నవ్వుతోంది.

ఆ రాత్రే బస్సు స్టాండు దగ్గర టెలిఫోన్ బూత్‌లోంచి హేమసుందర్ ఊళ్ళో కిరాణా కొట్టుకి ఫోన్ చేశాడు. తండ్రిని పిలిపించేసరికి కాసేపు పట్టింది. అవతల నాగులు పరిగెత్తి వచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు.

"ఏమైందిరా? ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉన్నాను. ఆదివారం నువ్వు బెజవాడ రావాలి నాన్నా. ఒక అమ్మాయి ఇంటికి వెళ్ళాలి."

హేమసుందర్ రిసీవర్‌ని చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాడు.

"నాన్నా, ఇక్కడ ఒక్కణ్ణే ఉంటన్నా. నా వల్ల కావట్లేదు."

"ఇన్నాళ్ళూ చెప్పవేంట్రా మరి?" అన్నాడు నాగులు. "సరే, తెల్లచొక్కా ఒకటుంది. ఇస్త్రీ చేయించుకుని వస్తా."