పేజీ పేజీకీ ‘నేను’

పాలగిన్నె పొయ్యి మీద పెట్టి హాల్లోకి రాగానే పెద్దకోడలి కాలి బొటనవేలు అట్టపెట్టెకి ఠక్కున కొట్టుకుంది. హాల్లో ఎక్కడ చూసినా అవే పెట్టెలు. సోఫా పక్కన, బీరువా ముందు, ఆఖరికి ఆమె కుట్టుమిషను కింద కూడా. పై వాటాలో ఉండే తోడికోడలు నవల రాసింది. ప్రచురణకర్తలెవరూ తీసుకోకపోతే తనే అచ్చు వేయించుకుంది. పైన చోటు చాలక పెట్టెలన్నీ కిందికి దిగాయి. పుస్తకం పేరు ‘పై వాటా’.

“పేరేమో పై వాటాకి, బరువేమో కింది వాటాకి,” అని గొణుగుతూ ఆమె వేలు నిమురుకుంది.

భోజనాల బల్ల దగ్గర భర్త ఆ పుస్తకమే పట్టుకుని కిసుక్కుమంటున్నాడు. పేపర్లో వాతావరణం తప్ప మరేదీ చదవని మనిషి!

“ఇదిగో, ఈ ముక్క విను. చదువుతుంటే అచ్చం...”

“చాల్లెండి. కాఫీ చల్లారిపోతోంది.”

“అది కాదు, ఈ మాట తీరు చూస్తే...”

“మాట తీరు గురించి పొద్దున్నే నాకు పాఠం చెప్పకండి.”

ఆయన మళ్ళీ పుస్తకంలో దూరాడు. ఇంతలో అత్తగారు తన కాపీ ఊపుకుంటూ గదిలోంచి వచ్చింది. “పెద్దమ్మాయ్, విన్నావా? కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికించే గయ్యాళి అత్తగారట! నన్నే. ఎంత బాగా రాసిందో!”

నిజానికి ఈ ఇంట్లో మాటకారి అంటే పెద్దకోడలే. సాయంత్రమైతే పక్కింటివాళ్ళు వచ్చి ఆమె వంటింటి గడప దగ్గర చేరేవాళ్ళు. ఎవరి పెళ్ళిలో ఏం గొడవైందో, ఎవరు ఎవరితో ఏమన్నారో ఆమె చెబితేనే వినాలి. కథ సరిగ్గా ముడిపడే చోట ఆమె లేచి, “ఆగండి, పాలు చూసొస్తాను,” అని లోపలికి వెళ్ళేది. అందరూ నోళ్ళు తెరుచుకుని కూర్చునేవాళ్ళు. చిన్నకోడలు మాత్రం ఈ ఇంటికి వచ్చినప్పుడు ఉలుకూ పలుకూ లేని పిల్ల. ఆమెకి ‘మౌనంగారు’ అని పేరు పెట్టింది కూడా పెద్దకోడలే.

ఇప్పుడు ఆ పక్కింటావిడే వచ్చి, “రచయిత్రి గారు ఉన్నారా?” అని అడిగి నేరుగా మెట్లెక్కిపోతోంది. వంటింటి వైపు తల తిప్పి చూడనైనా చూడదు.

ముందురోజు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు పెద్దకోడలు ఆ పుస్తకం తీసి గబగబా పేజీలు తిప్పింది. అత్తగారు ఉంది. భర్త గురక ఉంది. కారే కుళాయి ఉంది. వీధి కుక్క కూడా ఉంది. పెద్ద తోడికోడలు మాత్రం ఎక్కడా లేదు. పేజీ పేజీకీ ‘నేను, నేను, నేను’. తన గొప్పే తప్ప ఇంకోళ్ళు కనపడలేదు కాబోలు మహాతల్లికి! పుస్తకాన్ని మళ్ళీ పెట్టెలో పడేసింది.

“అక్కా, బయల్దేరదామా?” కాఫీలయ్యాక చిన్నకోడలు మెట్లు దిగింది. కొట్టు కొట్టుకీ తిరిగి పుస్తకం గురించి చెప్పీ చెప్పీ ఆమె గొంతు బొంగురుపోయింది. ఇవాళ పుస్తకాలు కొట్టులో ఇచ్చి, గ్రంథాలయంలో నవల చదివి వినిపించాలి. మరిది పని మీద వేరే ఊరెళ్ళాడు. కారు నడపడం వచ్చింది పెద్దకోడలికే. తప్పదు మరి.

మొదట పుస్తకాల కొట్టు. యజమాని అట్ట తిరగేసి చూసి, “సొంతంగా వేసుకున్నవి అక్కడ పెడతామండీ,” అని పరీక్షల గైడ్ల కింది అర చూపించాడు. చిన్నకోడలు నేల మీద గొంతుక్కూర్చుని పుస్తకాలు సర్దింది. అటుగా వచ్చిన ఒకావిడ ఒక కాపీ తీసుకుని, “బాగుంటుందా అండీ?” అని అడిగింది. చిన్నకోడలికి గొంతు పెగల్లేదు. చెప్పమన్నట్టు అక్క వైపు చూసింది.

“ఏమోనండీ, నేను చదవలేదు,” అంది పెద్దకోడలు. “ఇంటి పనితోనే సరిపోతుంది మాకు.”

ఆవిడ పుస్తకం యథాస్థానంలో పెట్టేసి వెళ్ళిపోయింది.

గ్రంథాలయం ముందు కారు ఆగాక చిన్నకోడలు గుసగుసగా అడిగింది. “నిజంగా చదవలేదా అక్కా?”

“వెతికాను. కుక్కకి కూడా చోటు దొరికింది, నాకు దొరకలేదు. ఇన్నేళ్ళు ఒక కంచంలో తిన్నట్టు ఉన్నాం కదే! నీకు జ్వరమొస్తే పక్కన కూర్చున్నదెవరు? అత్తయ్య కోప్పడితే అడ్డం పడిందెవరు? ఎక్కడ చూసినా నేను, నేను, నేను! అంత పెద్ద పుస్తకంలో అక్క అనే మనిషికి ఒక్క వాక్యం రాస్తే నీ సిరా అయిపోతుందా?”

చిన్నకోడలు ఏదో చెప్పబోయింది. గాలి తప్ప మాట రాలేదు. నీళ్ళు తాగి మళ్ళీ ప్రయత్నించింది. ఉహూఁ. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈలోగా గ్రంథాలయాధికారి మెట్ల మీంచి చెయ్యి ఊపుతూ, “రండి రండి, అందరూ ఎదురుచూస్తున్నారు,” అన్నాడు.

అందరూ అంటే కొందరు విశ్రాంత ఉద్యోగులు, కాలేజీ పిల్లలు, ఫ్యాను గాలికి వచ్చి కూర్చున్న ఒక పెద్దావిడ. రచయిత్రి లేచి నమస్కారం పెట్టి గొంతు చూపించి చెయ్యి అడ్డంగా ఊపింది. తర్వాత పుస్తకం తెరిచి అక్క చేతిలో పెట్టింది.

“నేనా? నేను చదవడమేంటి?”

చిన్నకోడలు రెండు చేతులూ జోడించింది. అంతమంది ముందు కాదనలేక పెద్దకోడలు లేచి, వార్తలు చదివినట్టు బిగుసుకుని మొదలుపెట్టింది.

“కుళాయి బాగుచేసేవాడు వచ్చాడు. సరిగ్గా అప్పుడే మా అత్తగారి కళ్ళజోడు కనపడకుండా పోయింది. చూశారూ, మా ఇంట్లో ఏది పోయినా ముందు అనుమానం కొత్తవాళ్ళ మీదే. అతని పనిముట్ల పెట్టె లాక్కుని నేల మీద బోర్లించింది. పాపం అతను నోరెత్తకుండా ఆవిడ నెత్తి వైపు చూశాడు. చూసి ఏమన్నాడో తెలుసా? ఆగండి, పాలు చూసొస్తాను.”

గది గొల్లున నవ్వింది. వెనక వరసలోంచి ఒక పెద్దాయన, “చెప్పి వెళ్ళమ్మా తల్లీ!” అని అరిచాడు.

పెద్దకోడలు నవ్వలేదు. ఆ చివరి మాట తను చదివిందా, అందా? ఎక్కడ ఆగాలో, ఎక్కడ సాగదీయాలో నాలుకకి ముందే తెలుస్తోంది. పేజీ తిప్పింది.

“ఆ రోజు అందరూ నవ్వారు, ఒక్క మా కొత్త తోడికోడలు తప్ప. ఆ పిల్లకి నోట్లో నాలుక ఉందో లేదో డాక్టరుకి చూపించాలనుకున్నాను. మౌనంగారని పేరు పెట్టాను. మర్నాటినుంచీ కూరలు తరిగే వంకతో వచ్చి నా పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. నేను చెబుతూనే ఉన్నాను. తను వింటూనే ఉంది. ఎవరికోసం చెప్పినా, ఆ పిల్ల కోసమే చెబుతున్నానని నాకు తర్వాత తెలిసింది.”

అక్షరాలు అలుక్కుపోయాయి. పెద్దకోడలు తలెత్తి చూసింది. ముందు వరసలో మౌనంగారు కన్నార్పకుండా తననే చూస్తోంది, కత్తిపీట ముందు కూర్చుని చూసినట్టే.

ఆ ‘నేను’ చిన్నకోడలు కాదు. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ వరకూ తనే.

చదవడం అయ్యాక ఫ్యాను గాలికి వచ్చిన పెద్దావిడ పుస్తకం కొనుక్కుని నేరుగా పెద్దకోడలి దగ్గరికి వచ్చింది. “సంతకం చెయ్యమ్మా. ఎంత బాగా రాశావు!”

కలం చేతికి వచ్చేసింది. పుస్తకంలో తనకి చోటు లేదనే కదా ఇంతసేపూ గింజుకుంది! పెద్దకోడలు ఒక్క క్షణం ఆ తెల్ల పేజీని చూసి, కలం పక్కకి అందించింది. “రాసింది ఈవిడండీ. నాకు వాగడమే వచ్చు.”

తిరుగుదారిలో ఆమె చెప్పాపెట్టకుండా పుస్తకాల కొట్టు ముందు కారాపి లోపలికి వెళ్ళింది. “వీటిని కాస్త పైకి తీయండి. ఎవరైనా బాగుంటుందా అని అడిగితే బాగుంటుందని చెప్పండి.”

“మీరు చదవలేదన్నారుగా?” అన్నాడు యజమాని.

“చదవక్కర్లేదు. నాకు నోటికొచ్చు.”

ఇంటికెళ్ళేసరికి దీపాలు పెట్టారు. అత్తగారు, భర్త, పక్కింటావిడ హాల్లోనే ఉన్నారు. “ఎలా జరిగింది?” అన్నారు ఒక్కసారే. చిన్నకోడలు గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. చెప్పాల్సింది ఎవరో అందరికీ తెలుసు.

పెద్దకోడలు కుర్చీ లాక్కుని కూర్చుంది. గైడ్ల కింది అర చెప్పింది, తను అన్న పాడు మాట కూడా దాచకుండా చెప్పింది. పెద్దాయన అరుపు చెప్పింది. “ఇక రెండో పేజీ తిప్పానా, అక్కడేముందో తెలుసా...”

“నాకు తెలుసు,” అన్నాడు భర్త. “పొద్దున్నే చెప్పబోతే విన్నావా?”

ఆమె కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. “ఆగండి, పాలు చూసొస్తాను,” అని గబుక్కున లోపలికి వెళ్ళింది.

పొయ్యి మీద గిన్నె లేదు. ఆమె గట్టు పట్టుకుని, గోడ వైపు తిరిగి నిలబడింది. వెనక అడుగుల చప్పుడైంది. ఇన్నేళ్ళుగా ఆ వంటింట్లోనే కూర్చున్న పిల్లకి, అన్నిసార్లూ పొయ్యి మీద పాలుండవని తెలియదా?

“పొంగాయా అక్కా?” అంది చిన్నకోడలు, ఉన్నకాస్త గొంతు కూడదీసుకుని.

పెద్దకోడలు చీర చెంగుతో మొహం తుడుచుకుని, ఇంకో చేత్తో ఆమెని దగ్గరికి లాక్కుంది.

“పొంగాయే.”